మాంత్రికుడు చచ్చాక ఏరు ఎవరిది?

(హైదరాబాదులో బాలసాహిత్య రచయితలు, ఉపాధ్యాయులు కలుసుకున్న ఒక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

మిత్రులారా, నమస్కారం.

రెండు రాజ్యాల మధ్య యుద్ధాన్ని ఆపడానికి బయలుదేరే పిల్లల కథల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఎనిమిదేళ్లు దాటి పన్నెండేళ్లు నిండని పిల్లలు చదివే మాయా కాల్పనిక నవలల మాట ఇది. నేను ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పి విరమించినవాణ్ని. నవలాకారుణ్నని చెప్పుకోవడానికి ఇంకా ఒక్క పుస్తకమూ అచ్చు కాలేదు, నాలుగేళ్లుగా రాస్తూ కొట్టేస్తూ ఉన్న నవల మాత్రం ఒకటి ఉంది. అది ఎక్కడ చెడిందో, చెడిందన్న సంగతి నాకు ఎవరు తెలియజెప్పారో మీతో చెప్పుకుంటాను.

నా నవలలో ఒక ఏరు ఉంది. ఎగువన ఒక రాజ్యం, దిగువన ఒక రాజ్యం. ఎండాకాలం వస్తే ఎగువ వాళ్లు నీళ్లు ఆపుతారు, వానాకాలం వస్తే మత్తడి తెంచి దిగువ వాళ్ల పొలాల మీదికి వదులుతారు. దిగువ వాళ్లు ఊరుకోరు, రాత్రికి రాత్రి వచ్చి పశువులను తోలుకుపోతారు. మూడు తరాలుగా ఇదే తంతు. ఎగువ రాజ్యపు గుర్రాలశాలలో పనిచేసే ఒక కుర్రాడూ, దిగువ రాజ్యంలో పుట్టి, అంటే ఏరు దాటించే గుండ్రటి బుట్టపడవ, నడిపేవాడి కూతురూ ఈ యుద్ధాన్ని ఆపాలని బయలుదేరతారు. మొదటి ప్రతిలో వాళ్లిద్దరికీ దారిలో తెలిసిన రహస్యం ఏమిటంటే, కొండగుహలోని మాంత్రికుడే ఇద్దరు రాజుల చెవుల్లోనూ విషం పోశాడని. ఇక మీకు తెలిసిందే. ఏడు తలుపులు, ఏడో తలుపు వెనక పంజరం, పంజరంలో చిలుక. చిలుక మెడ విరిగింది, మాంత్రికుడు బూడిదయ్యాడు, రాజులిద్దరూ కౌగిలించుకున్నారు. ఆ అధ్యాయం ముగించిన రాత్రి నాకు హాయిగా నిద్ర పట్టింది.

వారం తరువాత పాతబస్తీ అంచున ఒక బడిలో ఆరో తరగతి పిల్లలకు ఆ ముగింపు చదివి వినిపించాను. చిలుక దగ్గర అందరూ ఊపిరి బిగబట్టారు, మాంత్రికుడు బూడిద కాగానే చప్పట్లు కొట్టారు. నేను కాగితాలు సర్దుకుంటుంటే రెండో వరుసలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది. "సార్, మాంత్రికుడు సచ్చిపోయిండు. మంచిదే. మరి ఏరు ఎవరిది?" అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. రాజులిద్దరూ స్నేహితులైపోయారు కదమ్మా అన్నాను. "అయితే ఎండాకాలం నీళ్లు ఇస్తరా?" అంది. ఇస్తారన్నాను. "ఎన్ని?" అంది.

ఆ ఒక్క ప్రశ్నకు నా నవల కూలిపోయింది. అబద్ధం చెప్పడమెందుకు, మొదట నాకు కోపమే వచ్చింది. ఇంటికి వచ్చి ఆలోచిస్తే ఆ కోపం నా మీదే అని తేలింది. నేను చేసింది ఏమిటి? ఇద్దరు తగవులాడుకుంటుంటే వాళ్ల మధ్య ఉన్న తగవును విప్పకుండా, మూడోవాణ్ని పట్టుకొచ్చి, తప్పంతా వాడి నెత్తిన రుద్ది, వాణ్ని చంపించాను. పైగా దాన్ని శాంతి అని పిలిచాను.

ఈ ఉపాయం నాతో పుట్టింది కాదు. మన బడి చదువుల్లో నాలుగు మాటలు ఉన్నాయి: మిత్రలాభం, మిత్రభేదం, విగ్రహం అంటే యుద్ధం, సంధి. చిన్నయసూరి నీతిచంద్రికలో మొదటి రెండూ రాశారు, తక్కిన రెండిటినీ తరువాత వీరేశలింగం పంతులు తెలుగు చేశారు. పావురాల కథా, సింహం ఎద్దు కథా చాలామందికి నోటికి వచ్చు. హంసల రాజ్యానికీ నెమళ్ల రాజ్యానికీ జరిగిన యుద్ధం, ఆ పైన కుదిరిన సంధి ఎలాగో అడిగితే ఈ గదిలోనే చాలామంది తల గోక్కుంటారు. విష్ణుశర్మ ఆ కథ చెప్పింది రాజకుమారులకు, అంటే మనం ఎవరి కోసం రాస్తున్నామో ఆ వయసు వాళ్లకే అనుకోవచ్చు. హితోపదేశంలో ఆ సంధి ఎలా కుదిరిందో చూడండి. ఓడిన హంసరాజు మంత్రి చక్రవాకం, సింహళద్వీపపు సారసరాజు చేత నెమలిరాజు సొంత దేశంలో అలజడి రేపుతుంది. ఆ భయంతోనే నెమలిరాజు సంధికి దిగుతాడు. ముసలి గద్ద మంత్రి అంతకుముందు నుంచీ సంధి మంచిదని చెబుతూనే ఉంటుంది, పట్టించుకునేవాడు లేడు. అక్కడ కూడా మూడో శత్రువు కనబడితేనే చేతులు కలిశాయన్న మాట.

కథల మాట అటుంచి మన ఊరి చరిత్రకే వద్దాం. ఈ రోజు నేను కార్వాన్ వైపు నుంచి వచ్చాను. పురానాపూల్ మీదుగా వచ్చిన ప్రతిసారీ ఆ వంతెన కట్టించిన ఇబ్రహీం కుతుబ్‌షా గుర్తుకు వస్తాడు. వంతెన పూర్తయింది 1578లో. అన్న జంషీద్ చేతికి చిక్కకుండా పారిపోయిన ఇబ్రహీం సుమారు ఏడేళ్లు విజయనగరంలో రామరాయల ఆదరణలో ఉన్నాడు. అక్కడే తెలుగు రుచి మరిగాడు. 1550లో గోల్కొండ గద్దె ఎక్కాక తెలుగు కవులను పోషించాడు, వాళ్లు ఆయన్ని మల్కిభరాముడని నోరారా పిలుచుకున్నారు. రెండు రాజ్యాల మధ్య స్నేహానికి ఇంతకంటే మంచి పునాది ఎక్కడ దొరుకుతుంది? అదే ఇబ్రహీం 1565 జనవరిలో తక్కిన సుల్తానులతో కలిసి రామరాయల మీదికి నడిచాడు. ఆ యుద్ధంలో రామరాయల తల తెగింది.

ఆ కూటమి కుదిరిన తీరు చూడండి. అహ్మద్‌నగర్, బీజాపూర్ రాజ్యాలు షోలాపూర్ కోట కోసం ఏళ్ల తరబడి కొట్టుకున్నాయి. చివరికి అహ్మద్‌నగర్ సుల్తాను తన కూతురు చాంద్‌బీబీని బీజాపూర్ సుల్తానుకు ఇచ్చి పెళ్లి చేసి, ఆ షోలాపూర్ కోటనే కట్నంగా ఇచ్చాడు. చిన్నపిల్ల పెళ్లితో రెండు రాజ్యాల వైరం మాసిపోయింది. కాగితం మీద చూస్తే ఇది అచ్చంగా మనం రాసే పిల్లల నవల ముగింపే. అయితే ఆ శాంతి ఎందుకు? మూడోవాడి మీదికి కలిసి వెళ్లడానికి. మూడోవాడు పోయాక ఆ సుల్తానులు మళ్లీ ఒకరితో ఒకరు తలపడ్డారు. నా నవల ఇంకో పది పేజీలు సాగి ఉంటే, మాంత్రికుడి బూడిద చల్లారేలోగా నా రాజులిద్దరూ చేసి ఉండేది కూడా ఇదే.

మన వీరగాథల్లో పిల్లలు ఉన్నారా అంటే ఉన్నారు, ఎక్కడికి వెళ్లారో చూడండి. పల్నాటి కథలో బాలచంద్రుడు బొంగరాలాడుతుంటే తల్లి ఐతాంబ యుద్ధం సంగతి వాడి చెవిన పడకుండా దాచింది. ఆట మధ్యలో బొంగరం ఎగిరి ఒక స్త్రీ కాలికి తగిలి గాయమైంది. అవతల నీవాళ్లంతా రణరంగంలో ఉంటే ఇక్కడ నీకు బొంగరాలాటా అని ఆమె దెప్పింది. ఆ మాటతో పిల్లవాడు కారెంపూడి దారి పట్టాడు, తిరిగి రాలేదు. నాకు ఆ కథలో అన్నిటికంటే బాధ కలిగించేది యుద్ధం కాదు, ఆ బొంగరం. పిల్లవాడి బొంగరం తగిలి దెబ్బ తిన్నామెకు ఆ పిల్లవాడు చేయవలసిన పనులు ఎన్నో ఉన్నాయి: గాయం కడగడం, పసుపు అద్దడం, ఇంటి దాకా దిగబెట్టి రావడం. అవేవీ ఆ కథలో వీరత్వం కిందికి రాలేదు. అదే కథలో సంధి మాట్లాడడానికి వెళ్లిన యువకుడూ ఉన్నాడు, అలరాజు. మాచర్ల పక్షం నుంచి మామగారి రాజ్యమైన గురజాలకు రాయబారిగా వెళ్లి విషప్రయోగానికి బలయ్యాడు. బాలచంద్రుడి పేరు తెలియని తెలుగు పిల్లవాడు అరుదు, అలరాజు పేరు ఎంతమందికి తెలుసు?

రాయబారం నాటకం చూసిన పెద్దలు ఇక్కడ ఉన్నారు. కృష్ణుడు కౌరవసభకు వెళ్లింది అయిదూళ్లయినా ఇప్పించమని అడగడానికి. దానికి ముందే ద్రుపదుడి పురోహితుడు ఒకసారి, సంజయుడు ఒకసారి ఇరుపక్షాల మధ్య నడిచారు. ఇంత ఓపికగల సంధి ప్రయత్నం లోకసాహిత్యంలో తక్కువ. అయినా నా చిన్నప్పుడు మా ఊరి పందిట్లో ఒన్స్‌మోర్ కేకలు ఏ పద్యానికి పడేవో నాకు బాగా గుర్తుంది. అడిగే పద్యానికి కాదు, యుద్ధం వస్తే మీ గతి ఏమిటో చూసుకోండని బెదిరించే పద్యానికి. నేనూ ఈల వేసినవాణ్నే, నటుణ్ని తప్పు పట్టను. బెదిరింపులో ఉన్న ఊపు బేరంలో ఉండదు. మన అసలు కష్టం అక్కడే ఉంది. పదేళ్ల పిల్లవాడు పేజీ తిప్పేలా బేరాన్ని రాయగలమా?

రాయగలమని నాకు నమ్మకం కలిగించింది మళ్లీ ఆ అమ్మాయే. ఏరు ఎవరిదని ఆమెకు ఎందుకు తోచిందో కనుక్కుందామని వాళ్ల మాస్టారిని అడిగితే, ఒకసారి ట్యాంకర్ వచ్చే వేళకు వాళ్ల బస్తీకి రండి అన్నారు. వెళ్లాను. పొద్దున ఆరుకే వీధి పొడవునా బిందెలు, డబ్బాలు, ప్లాస్టిక్ కుండలు వరుసలో ఉన్నాయి. బిందె లేనివాళ్ల తరఫున ఇటుకముక్కలు, ఒక చోట పాత చెప్పు. అవి కూడా వరుసలో మనుషుల కిందే లెక్క. ట్యాంకర్ రెండు గల్లీల కూడలిలో ఆగుతుంది. పై గల్లీ వాళ్లు పైపు పట్టుకుంటే కింది గల్లీకి అడుగునీళ్లే మిగులుతున్నాయని నెల రోజులు రోజూ గొడవట. పెద్దవాళ్లు ఒకరి మీద ఒకరు ఫిర్యాదుల దాకా వెళ్లారు. చివరికి పిల్లలు ఒక పద్ధతి పెట్టారు. పై గల్లీ బిందెలు నిండేటప్పుడు పైపు కింది గల్లీ పిల్ల పట్టుకుంటుంది. కింది గల్లీ బిందెలు నిండేటప్పుడు పై గల్లీ పిల్లవాడు పట్టుకుంటాడు. బిందె మెడ దాకా రాగానే పైపు తీసేస్తారు, పొర్లిపోయే మాటే లేదు. ఆ రోజు పైపు పట్టుకున్నది మన అమ్మాయే. తనకంటే బరువైన పైపు, లోపల నీరు కొట్టుకొస్తుంటే పాములా ఎగురుతోంది. రెండు చేతులా చంకలో అదిమిపట్టి, పళ్లు బిగించి, బిందెలోకి తప్ప ఇంకెటూ చూడడం లేదు. ఎవరో ఆంటీ ఇంకొంచెం పోయమంటే తల అడ్డంగా ఊపింది.

ఆమె నన్ను గుర్తుపట్టింది కూడా, పైపు వదలలేదు.

ఆ మధ్యాహ్నమే నవల మళ్లీ మొదలుపెట్టాను. మాంత్రికుణ్ని తీసేశాను. ఈసారి నా కథలో చెడ్డవాడు లేడు. ఎగువ రాజుకు చెరువు ఎండుతుందన్న భయం ఉంది, దిగువ రాజుకు పైరు ఎండుతుందన్న భయం ఉంది, ఇద్దరి భయమూ నిజమే. చెరువు తూము తెరిచి పొలాలకు నీళ్లు వంతులవారీగా వదిలే మనిషిని నీరటికాడు అంటారు, మన తెలంగాణ ఊళ్లలో నీరడి అంటారు. నా పిల్లలిద్దరూ చివరికి సేనానులు కారు, రాజులూ కారు, నీరటికాళ్లు అవుతారు. ఎగువ తూము తాళంచెవి దిగువ పిల్ల దగ్గర ఉంటుంది, దిగువ మత్తడి కాపలా ఎగువ కుర్రాడిది. కత్తి తిప్పే పిల్లవాణ్ని చూసినట్టే ఆ పిల్లను చూసి చదివేవాడి గుండె కొట్టుకోవాలి. కొట్టుకుంటుంది, ట్యాంకర్ దగ్గర నాకు కొట్టుకుంది కాబట్టి.

మరి మాయ ఎక్కడ ఉంది, కాల్పనిక నవల అన్నారు కదా అని మీరు అడగవచ్చు. మాయ ఉండాలి, లేకపోతే పిల్లలు ఊరుకోరు, నేనూ ఊరుకోను. నా షరతు ఒక్కటే, మాయ తగవు తీర్చకూడదు. అది మాట వినబడేలా మాత్రమే చేయవచ్చు. గోల్కొండకు మీరంతా పిల్లలను తీసుకెళ్లి ఉంటారు. కింద ద్వారం గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడితే కొండ కొమ్మున బాలాహిస్సార్ దగ్గర వినిపిస్తుంది. శత్రువు వచ్చాడని పైవాళ్లకు తెలియజేయడానికి పనికివచ్చిన ఏర్పాటు అది. పిల్లలు మాత్రం ఒకళ్లు కింద, ఒకళ్లు పైన నిలబడి, వినిపించిందా వినిపించిందా అని అరుచుకుంటారు. నా నవలలోని మాయ అక్కడి నుంచి వచ్చింది. రెండు రాజ్యాల సరిహద్దులో పాడుపడిన ఒక గుమ్మటం ఉంటుంది. దాని కింద ఒకరు మాట్లాడితే శత్రువు కోటలో నిద్రపోతున్న ఒక్క మనిషికి మాత్రం వినబడుతుంది, ఎవరికి వినబడుతుందో మాట్లాడేవాళ్లకు తెలియదు. ఒక రాత్రి పుట్టి నడిపే పిల్ల అక్కడ కూర్చుని, చచ్చిపోయిన తన అన్న గురించి తనలో తాను చెప్పుకుంటుంది. ఆ మాటలు ఆ అన్నను చంపిన సైనికుడికి వినబడతాయి. నవలలో నేను ఎక్కువసార్లు తిరగరాసిన అధ్యాయం ఇదే.

క్షమాపణ గురించి రాయడం ఎంత కష్టమో తెలియాలంటే అశోకుడి దగ్గరికి వెళ్లాలి. కళింగ యుద్ధంలో జరిగిన చావులకు తాను ఎంత కుమిలిపోయాడో ఆయన పదమూడో శిలాశాసనంలో చెక్కించాడు. ఆ శాసనం మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడా ఉంది. కళింగంలో ఉన్న ధౌలి, జౌగడ బండల మీద మాత్రం దాన్ని చెక్కించలేదు, అక్కడ దాని బదులు వేరే శాసనాలు వేయించాడు. ఎవరి మనుషులు చనిపోయారో వాళ్ల ఊళ్లో ఆ పశ్చాత్తాపం లేదు. దీనికి రాజకీయ కారణాలు ఉండవచ్చు, రాజును అర్థం చేసుకోవచ్చు. పిల్లల నవలలో మాత్రం నా సైనికుడు ఎర్రగుడిలో చెప్పి తప్పించుకోకూడదు, నడుచుకుంటూ ఆ పిల్ల ఇంటి గుమ్మం దాకా రావాలి. వచ్చాక ఆ పిల్ల క్షమించాలా? మొదట క్షమించినట్టే రాశాను. తరువాత కొట్టేశాను. ఇప్పుడు ఆమె అతనికి మంచినీళ్లు ఇస్తుంది, లోపలికి రమ్మనదు. ఇంతకంటే ఎక్కువ రాస్తే ఆరో తరగతి వాళ్లు నన్ను పట్టుకుంటారు.

సంధి షరతులు రాయడానికి నాకు బాగా పనికివచ్చింది మోటుపల్లి శాసనం. 1244లో కాకతి గణపతిదేవుడు సముద్ర వర్తకులకు ఇచ్చిన అభయశాసనం అది. తుపానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు లాక్కునేవారు. ఇక మీదట సుంకం తప్ప ఏమీ ముట్టుకోమని ఆయన రాతి మీద మాట ఇచ్చాడు. ఆ గణపతిదేవుడే కుర్రతనంలో శత్రువైన దేవగిరి యాదవుల చెరలో ఉండి, విడుదలై వచ్చి రాజ్యం ఏలినవాడు. చెరలో ఉన్నవాడికి అభయం విలువ తెలిసి ఉంటుందని నేననుకుంటాను, ఇది చరిత్ర కాదు, నా ఊహ. శాసనంలో అభయమిస్తున్నాం అని ఊరికే అనేసి వదిలిపెట్టలేదు. గంధం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, మిరియాలు, పోకలు, దేనికి ఎంత సుంకమో వరసగా చెప్పారు. ఆ జాబితాను గట్టిగా చదివితే పిల్లలు మంత్రంలా వింటారు, నేను చదివి చూశాను. అందుకే నా నవలలో సంధిపత్రం ఒక పూర్తి అధ్యాయం. ఎన్ని జానల నీరు, ఏ నెలలో, ఎన్ని ఆవులు వెనక్కి, దూడలు పుట్టి ఉంటే దూడలు ఎవరివి. దూడల దగ్గర ఇద్దరు రాజులూ లేచి వెళ్లిపోతారు. పిల్లలు వాళ్లను వెనక్కి తీసుకురావడానికి నలభై పేజీలు పట్టింది.

తెలుగు మాస్టారిని కాబట్టి వ్యాకరణం చెప్పకుండా దిగను, మన్నించండి. సంధి అన్న మాట మనకు రాజనీతిలోనూ ఉంది, వ్యాకరణంలోనూ ఉంది. ఉత్వసంధిలో రాముడు, అతడు కలిస్తే రాముడతడు అవుతుంది, ముందున్న మాట తన చివరి అచ్చును పోగొట్టుకుంటుంది. ఎవరో ఒకరు ఏదో ఒకటి వదులుకోవాలి. మా, అమ్మ అన్న చోట వదులుకోవడానికి ఎవరూ సిద్ధంగా లేరు, సంధి కుదరలేదు. అప్పుడేమవుతుంది? సంధి లేని చోట యడాగమం వస్తుందని బాలవ్యాకరణం. మాయమ్మ. ఆ యకారం మా లోది కాదు, అమ్మ లోది కాదు. రెండు అచ్చులు ఢీకొనకుండా మధ్యలో వచ్చి నిలబడింది. ముప్పై ఏళ్లు ఈ సూత్రం బోర్డు మీద రాస్తూ, పరీక్షలో రెండు మార్కులని చెబుతూ బతికాను. నా నవలలోని పిల్లలిద్దరూ ఈ యకారాలని నాకు తెలిసింది మాత్రం పోయిన ఏడాదే.

మొన్న వేసవి సెలవులకు ముందు అదే బడికి వెళ్లి కొత్త ముగింపు చదివాను. సంధిపత్రం మీద ముద్రలు పడ్డాయి, తూము దగ్గర కొలత గీతలు చెక్కిన రాయి పాతారు, తాళంచెవులు చేతులు మారాయి. ఈసారి చప్పట్లు తక్కువే పడ్డాయి, ఆ లోటు నాకు తెలుస్తూనే ఉంది. మన అమ్మాయి కాసేపు ఆలోచించి, "రాత్రిపూట ఆ రాయి ఎవరు చూస్తరు సార్?" అంది. పక్కనున్న కుర్రాడు, ఇద్దరూ కూర్చోవాలి, ఒక్కరు కూర్చుంటే నిద్రపోతారు అన్నాడు. చలికి ఎట్ల అని ఇంకొకడు. ఒక్క దుప్పటి ఉంటే చాలు అని ఒకరు, వద్దు రెండు కావాలి అని ఒకరు, తరగతి రెండుగా చీలిపోయింది.

ఇప్పుడు ఆ అధ్యాయం రాస్తున్నాను. తూము గట్టు మీద ఇద్దరూ కూర్చున్నారు, దుప్పటి ఒక్కటే ఉంది, ఎగువ కుర్రాడు దాన్ని ఎక్కువ లాక్కుంటున్నాడు. కింద చీకట్లో నీరు మూడో గీత దగ్గర ఉంది.

మీ ప్రశ్నలు ఏమైనా ఉంటే అడగండి.